ఖేడ్‌లో కూర్చుని కట్టిన చర్చి

చర్చి తలుపు దగ్గర బొమ్మ ఆగిపోతోందని ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చినప్పుడు నేను నారాయణఖేడ్‌లో మా అద్దె ఇంటి మేడమీది గదిలో, కరెంటు పోయి, చెమటకు బనియన్ తడిసిపోయి కూర్చుని ఉన్నాను. బొమ్మ అంటే ఆటగాడి బొమ్మ. వీడియో గేమ్ ఆడేవాళ్లు మీటలు నొక్కితే తెరమీద నడిచే మనిషి. ఆ మనిషి చర్చి మెట్లు ఎక్కుతున్నాడట. బార్లా తెరిచిన తలుపు దాకా వస్తున్నాడట. అక్కడ నిలబడి ఉన్నచోటే కాళ్లు ఆడిస్తున్నాడట. లోపలికి మాత్రం పోవడం లేదట. ఆ చర్చిని కట్టింది నేను. ఉగాదికి ముందు మొదలుపెట్టి వానలు పడేదాకా కట్టాను. మెసేజ్ చదివి ఫోన్‌ను మంచం మీదికి విసిరేశాను.

నేను చేసే పని ఏమిటో ఖేడ్‌లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. గేముల్లో కనపడే ఇళ్లు, వీధులు, బండలు, బావులు కంప్యూటర్‌లో తయారు చేస్తాను. మా కంపెనీ హైదరాబాద్‌లో ఉంది. ఎక్కడో చలిదేశంలో గేమ్ తీసేవాళ్లు మా కంపెనీకి పని పంపుతారు, కంపెనీ మాకు పంచుతుంది. కొన్నేళ్లు ఆ ఆఫీసులోనే కూర్చుని చేశాను. పెళ్లయ్యాక చిక్కు వచ్చింది. నా భార్య నర్సు. ఆమె ఉద్యోగం ఖేడ్ సర్కారు దవాఖానలో. పెళ్లయిన మొదటి ఏడాదంతా ఆమె ఇక్కడ, నేను అక్కడ. శనివారం సాయంత్రం బస్సు పట్టుకుని రావడం, సోమవారం పొద్దున్నే మళ్లీ బస్సెక్కడం. ఆమెకు ఆదివారం డ్యూటీ పడిందంటే ఆ వారం ఇద్దరం కూర్చుని ఒక పూట అన్నం తిన్నది కూడా ఉండేది కాదు.

మాది కంగ్టి దిక్కు. ఖేడ్ సంత, ఖేడ్ బస్టాండు చిన్నప్పటి నుంచి తెలిసినవే. ఇక్కడే ఉండి పనిచేస్తానని మా లీడ్‌ను అడిగాను. లీడ్ అంటే మా జట్టుకు పెద్ద. మనిషి మంచివాడే, కానీ కళ్లెదుట కనపడని మనిషి పని చేస్తున్నాడంటే నమ్మడు.

"సరే తమ్మీ, గీ చర్చి పని నీకిస్తున్న," అన్నాడు. "అక్కడ కూసొని చేసి చూపియ్. మంచిగొస్తే నువ్వు అక్కడనే ఉండు, పైనోళ్లతోని నేను మాట్లాడుత. రాకుంటే మాత్రం సామాన్ సదురుకొని వచ్చెయ్. మళ్ల అడగొద్దు."

అంటే చర్చి నిలబడితే నా కాపురం ఒక్కచోట ఉంటుంది, లేకపోతే మళ్లీ శనివారం బస్సు. నా భార్యకు కూడా ఇదే మాట చెప్పాను. ఆమె "మంచిగ చెయ్ మరి" అని డ్యూటీకి పోయింది.

చర్చి అంటే మా చుట్టుపక్కల అందరికీ మెదక్ చర్చే. నేనూ బడి పిల్లలతో కలిసి వెళ్లి, మెడ వెనక్కి వాల్చి ఆ శిఖరం చూసినవాణ్నే. వాళ్లు అడిగింది అది కాదు. కొండమీద చిన్న ఊరు, ఆ ఊరికి ఒక పాత రాతి చర్చి. మందం గోడలు, ఇరుకు కిటికీలు, రంగు అద్దాలు, లోపల కొయ్య బెంచీలు, పైన గంట. కథలో ఒకచోట ఆటగాడు చర్చి లోపలికి పోయి తాడు లాగి గంట కొట్టాలి. అందుకని లోపలంతా దగ్గర నుంచి చూసినా నిజంలా ఉండాలి. ఫోటోలు బోలెడు పంపారు. ప్రతి ఫోటోలో వాన, మబ్బు, నాచు. నేనేమో కందిచేలు ఎండిపోయే నేలలో పుట్టినవాణ్ని. రాతిమీద నాచు పట్టడం మా ఇంటి వెనక బోరు దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు.

మా దిక్కు ఇల్లు కట్టే పద్ధతి ఒకటుంది. పునాది అయ్యాక మొట్టమొదట నిలబెట్టేది దర్వాజ. ద్వారబంధాన్ని మేం దర్వాజ అంటాం. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి నిలబెడతారు. ఖాళీ జాగాలో గోడలు లేకుండా దర్వాజ ఒక్కటే నిలబడి ఉంటుంది, ఆ తర్వాతే దానికి అటూ ఇటూ గోడలు లేస్తాయి. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు అది చూశాను. కంప్యూటర్‌లో ఏం కట్టినా నేను అట్లాగే మొదలుపెడతాను. ఆఫీసులో మిగతావాళ్లు ముందు గోడలు లేపి, తర్వాత తలుపుకు కన్నం కోస్తారు. నన్ను చూసి నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అని ఈ చర్చికి కూడా ఖాళీ తెర మధ్యలో మొదట దర్వాజే నిలబెట్టాను. దాని ఎత్తును బట్టి గోడ, గోడను బట్టి కప్పు, కప్పును బట్టి గంట గోపురం.

ఇక అక్కడి నుంచి నా పాట్లు మొదలయ్యాయి. పని చూపించిన ప్రతిసారీ లీడ్ ఒక్కటే మాట అనేవాడు, "ఫీల్ వస్తలేదు తమ్మీ." ఫీల్ అంటే ఏమిటో చెప్పమంటే చెప్పడు. గోడ వంకరగా ఉందంటే సరిచేస్తాను. రంగు ఎక్కువైందంటే తగ్గిస్తాను. ఫీల్ రావడం లేదంటే నేను ఏ మీట నొక్కాలి? నాచు కోసం ఇంటి వెనక బోరు దగ్గరికి పోయి, నీళ్ల తొట్టి గోడకు పట్టిన పాకురును రకరకాలుగా ఫోటోలు తీశాను. కింద వాటాలో ఉండే మా ఇంటి అవ్వ, అంటే ఇంటి యజమానురాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"పాకురు ఫోటోలెందుకు బిడ్డా? తొట్టి మంచిగ కడుగుతలేనని నీ పెండ్లానికి చూపిస్తవా?"

"కాదవ్వా, పనికోసం."

"పొద్దంత ఇంట్లనే ఉంటవు. పెండ్లాం నౌకరికి పోతది. గీ పాకురు ఫోటోలు తీసుడు ఏం పని నాయినా?"

ఏం పనో చూపిద్దామని పైకి పిలిచి తెరమీద చర్చి చూపించాను. కళ్లు చికిలించి చూసింది.

"మెదక్ చర్చేనా గిది?"

"కాదు."

"మరి ఏ ఊరిది?"

"ఏ ఊరిదీ కాదవ్వా. ఉత్తగ ఆటకోసం."

"లేని ఊరికి గింత మంచి చర్చెందుకు?" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ మాటకు వచ్చిన చిరాకు సాయంత్రం దాకా పోలేదు.

నాకు పనికొచ్చిన మాట ఒక్కటే ఒక్కటి వచ్చింది, అది నా భార్య నోట. ఆమె నర్సింగ్ చదివింది ఒక మిషన్ ఆస్పత్రి బడిలో. హిందువులైనా ఎవరైనా సరే పొద్దున్నే అందరూ ప్రార్థనకు వెళ్లి కూర్చోవాల్సిందేనట. నేను చేసిన బెంచీలు చూసి పెదవి విరిచింది.

"బెంచీ మొత్తం ఒక్క తీరుగ అరగదీసినవేంది? గట్ల అరగది. ముసలోళ్లు లేచేటప్పుడు గీ కొసను పట్టుకొని లేస్తరు. గక్కడ నున్నగైతది. కడమదంత కొత్తగనే ఉంటది."

ఆమె చెప్పినట్టు ప్రతి బెంచీ కొసనూ చేతులు పట్టి పట్టి అరిగినట్టు చేశాను. లోపలి మెట్టు మధ్యలో పాదాలకు గుంట పడినట్టు చేశాను. గంట తాడు కింది కొస చేతి చెమటకు నల్లబడినట్టు చేశాను. రంగు అద్దాల వెలుగు నేలమీద పడి బెంచీల కాళ్ల దాకా పాకేలా పెట్టాను. ఇవి పంపినప్పుడు మొదటిసారి లీడ్ ఫీల్ గురించి మాట్లాడలేదు. "బాగుంది" అని ఊరుకున్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే ఎక్కువ రాదు. ఇక అయిపోయింది, ఇక్కడే ఉంటాం అనుకుని ఆ పూట నేనే వంకాయ కూర చేశాను.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ మెసేజ్, బొమ్మ లోపలికి పోవడం లేదని.

గేములో ప్రతి వస్తువుకూ కంటికి కనపడని తొడుగు ఒకటి ఉంటుంది. గోడ తొడుగు తగిలితే బొమ్మ ఆగుతుంది. నేల తొడుగు మీద బొమ్మ నిలబడుతుంది. ఆ తొడుగు ఎక్కడో తప్పి ఉంటుందనుకున్నాను. మొదట మెట్లను అనుమానించాను. బొమ్మ నిజానికి నడిచేది మెట్లమీద కాదు, వాటికి తొడుగుగా పెట్టే ఏటవాలు పలక మీద, దాన్ని సరిచేసి పంపాను. ఇంకా ఆగుతోందన్నారు. తలుపు రెక్కలను అనుమానించాను. రెక్కలు రెండూ ఊడబీకి పంపాను. ఇంకా ఆగుతోందన్నారు. తలుపు ఇరుకైందేమోనని దర్వాజను వెడల్పు చేశాను, దాంతో చుట్టూ గోడ రాళ్లన్నీ మళ్లీ పేర్చుకోవాల్సి వచ్చింది. ఇంకా ఆగుతోందన్నారు. ఒక్కో సవరింపు పంపడానికి సగం రోజు పోయేది. మబ్బు పడితే ఖేడ్‌లో నెట్ నత్తనడక నడుస్తుంది. ఆ నెల మబ్బు వీడిందే లేదు. ఫైలు ముప్పాతిక వంతు వెళ్లాక కరెంటు పోయేది, మళ్లీ మొదటి నుంచి. కీబోర్డు గోడకేసి కొట్టాలనిపించేది. ఒకసారి గుద్దాను కూడా, ఒక మీట ఊడిపోయింది. దాన్ని మంచం కింద వెతుక్కుని మళ్లీ నేనే అతికించుకున్నాను.

ఆఫీసులో అందరూ చర్చిని తెరిచి చూశారు. లీడ్ చూశాడు. తొడుగులు చూసుకునే మనిషి వేరే ఉంటాడు, అతనూ చూశాడు. ఎవరికీ ఏమీ కనపడలేదు. అందులో ఒక సంగతి ఉంది. మేం కట్టడాలు తయారుచేసేవాళ్లం తలుపులో నుంచి లోపలికి పోం. మాకు కెమెరా ఉంటుంది, దానికి తొడుగులతో పని లేదు, గోడలో నుంచి నేరుగా లోపలికి దూరిపోతాం. నేను నెలల తరబడి ఆ చర్చిలోకి వేలసార్లు వెళ్లి ఉంటాను గానీ ఒక్కసారి కూడా నడిచి వెళ్లలేదు.

లీడ్ ఫోన్ చేశాడు. గొంతులో తేడా తెలిసిపోయింది.

"వాళ్లు అడుగుతుండ్రు తమ్మీ. నేనేం చెప్పాలె? ఎల్లుండి దాక చూస్త. కాకుంటే చర్చి ఇంకొకరికిస్త, నువ్వొచ్చెయ్. ఇంట్ల కూసుంటే గిట్లనే అయితది."

ఇంట్లో కూర్చోవడానికీ దీనికీ ఏం సంబంధం అని అడగాలనుకున్నాను. అడగలేదు. సరే అన్నా అని పెట్టేశాను. పెట్టేశాక గదిలో నాకు నేనే పది రకాలుగా జవాబు చెప్పుకున్నాను. నా భార్య డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను ఇంకా గోడతో మాట్లాడుతున్నాను.

ఆమె చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, చాయ పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆఫీసువాళ్లు నాకోసం ఆటను ఆడి చూసుకునేలా పంపారు. బొమ్మను నడిపించుకుంటూ మెట్లెక్కించి తలుపు దాకా తెస్తున్నాను, అది ఆగిపోతోంది. వెనక్కి తీసుకుపోయి మళ్లీ తెస్తున్నాను, మళ్లీ ఆగిపోతోంది. కోపం కొద్దీ ఊరికే తెస్తున్నాను. ఆమె చాయ తాగుతూ కాసేపు చూసింది.

"కాలెత్తి లోపల పెట్టరాదా గా మనిషికి?"

"అంతెత్తు ఎత్తలేడు. వాని కాలు ఎంత లేవాల్నో ముందే రాసి ఉంటది."

"ఎత్తరానోనికి కడప ఎందుకు పెట్టినవ్ మరి?"

గడపను మా దగ్గర కడప అంటారు. నాకు మండింది.

"దర్వాజకు కడప ఉండదా? కడప లేకుంట దర్వాజ ఎట్ల నిలబడుతది?" అని అరిచాను.

"మా దవాఖానల లేవు గద," అంది ఆమె నింపాదిగా. "కొత్త వార్డు కట్టినప్పుడు మేస్త్రీలు అలవాటు కొద్ది అన్ని దర్వాజలకు కడపలు పెట్టిండ్రు. స్ట్రెచర్ పోతలేదని డాక్టరు లొల్లి లొల్లి చేసిండు. అన్ని పలగ్గొట్టిచ్చిండ్రు."

నేను తెరవంక చూశాను. గడప ఉంది. దర్వాజకు కింది కొయ్య, మా ఇంట్లో ఉన్నంత ఎత్తు, మంచి దళసరి గడప. మొదటి రోజు నుంచి అక్కడే ఉంది. తొడుగులు చూసిన ప్రతిసారీ దాని తొడుగూ కనపడింది. చూశాను. అందులో తప్పుందని నాకు తోచలేదు, నాకే కాదు, హైదరాబాద్‌లో అంతమందికీ తోచలేదు. అందరం పుట్టినప్పటి నుంచీ గడపలు దాటుకుంటూ తిరుగుతున్నవాళ్లమే. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, మెట్లు, బెంచీలు, తాడు అన్నింటికీ అరుగుదల పెట్టిన నేను ఆ గడపకు మాత్రం పెట్టలేదు. అది అంచుల దాకా కొత్తగా ఉంది. గడప తొక్కకూడదు కాబట్టి అది అరగదు అని చెయ్యి దానంతట అదే అనుకుంది. ఇంతకుముందు నేను కట్టినవన్నీ బయటి నుంచి చూసి పోయే ఇళ్లు. వాటన్నింటికీ గడపలు పెట్టే ఉంటాను. మనిషి లోపలికి పోవాల్సిన కట్టడం నాకు ఇదే మొదటిది.

ఆమెకు కృతజ్ఞత చెప్పాల్సింది పోయి తల పట్టుకున్నాను. గోడలన్నీ కదిలించి, రాళ్లన్నీ మళ్లీ పేర్చిన రోజులు గుర్తొచ్చాయి. గడప తీసేసి, దాని చోట నేలను అతకడానికి ఆమె చాయ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

"ఏది, నేను నడిపిస్త," అని ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. మీటలు చూపించాను. బొమ్మను గోడలకు గుద్దుతూ, మెట్లమీద తిప్పుతూ, నానా తంటాలు పడి తలుపు దాకా తెచ్చింది. తలుపు దాటించింది. లోపల చల్లటి మసక వెలుతురు. ఆమె నోరు తెరిచి చూస్తోంది. బెంచీల మధ్య నుంచి మెల్లగా నడిపించుకుంటూ పోయి, ముందు వరుసలో ఒక బెంచీ కొస దగ్గర ఆపింది. అరిగి నున్నబడిన చోటును దగ్గరగా చూసింది.

"గిది మంచిగొచ్చింది," అంది. "కూసోరాదా ఇందుల?"

"కూర్చునే మీట లేదు."

"నిలబడే ఉండనీ," అని బొమ్మను అక్కడే కాసేపు నిలబెట్టింది. నేను కూడా మొదటిసారి ఆ చర్చిని లోపల నిలబడ్డ మనిషి కంటితో చూశాను. నిజం చెప్పాలంటే నాకు గర్వమేసింది. కొట్టొచ్చినట్టు బాగుంది. తాడు ఎక్కడుందో వెతికి, దాని కింద నిలబడి, ఆమె నావైపు తిరిగింది.

"ఇగ ఉండమంటడు గద మీ లీడ్?"

"ఉండమనాలె."

పొద్దున ఫైలు పంపాను. ఆ రోజు కరెంటు పోలేదు, అదొక్కటే దేవుడు చూపిన దయ. ఆమె డ్యూటీకి పోతూ పోతూ, లీడ్ ఏమన్నదీ తెలియగానే ఫోన్ చెయ్యమని మెట్లమీద నుంచి కేకేసి చెప్పింది. మధ్యాహ్నానికి లీడ్ ఫోన్ వచ్చింది.

"పోతుండు తమ్మీ లోపలికి. చూసిన. కడపనా సంగతి?"

"అవునన్నా."

"గింత చిన్నదానికి గిన్ని రోజులా? ఆఫీసుల ఉంటే పక్కనోడన్న చెప్పుతుండె."

అప్పటిదాకా మింగిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఎవరు చెప్తుండె? నువ్వు చెప్పినవా? నీ కంప్యూటర్ల ఉండె గా చర్చి, మీ అందరి కంప్యూటర్లల్ల ఉండె. అందరు తెరిచి చూసిండ్రు, ఒక్కడన్న చెప్పిండా? నేను ఇంట్ల కూసున్నందుకు నాకు కనపడలే, మీరు ఆఫీసుల కూసొని ఎందుకు చూడలే? నీ ఇంటికి కడప లేదా అన్నా?"

గొంతు ఎంత లేచిందంటే కింద అవ్వ బయటికొచ్చి పైకి చూసింది.

"నిజమే," అన్నాడు లీడ్. "నాకూ కనపడలే. ఉండు ఇగ అక్కడనే. చర్చి మంచిగొచ్చిందని పైన చెప్పిన. మళ్ల నిన్ను రమ్మని అడగ."

నేను ఏదో అనబోయాను. ఆయన ఆపాడు.

"ఇంకో ముచ్చట ఉన్నది. కోపానికి రాకు. పొద్దున గేమ్ తీసెటోళ్ల దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. కథ మార్చిండ్రట. గంట కొట్టుడు లేదు. ఆటగాడు చర్చిలకు పోడు, పక్క నుంచి నడుచుకుంట పోతడు. తలుపు మూసేసి ఉంచమన్నరు. ఆటకు బరువై నెమ్మదైతుందని లోపటి సామాన్ మొత్తం తీసేయమన్నరు. బయట అట్లనే ఉంటది తమ్మీ, బయట మస్తుందన్నరు."

లోపటి సామాను అంటే బెంచీలు, తాడు, అద్దాల వెలుగు, మెట్టుమీది గుంట. ఎవరు తీసేస్తారని అడిగాను. ఫైలు నీ దగ్గరే ఉంది కాబట్టి నువ్వే తీసెయ్ అన్నాడు. ఫోన్ పెట్టేసి చొక్కా తొడుక్కుని దవాఖానకు బయల్దేరాను. తుంపర పడుతోంది, గొడుగు తీసుకోవడం కూడా తోచలేదు. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. ఆ చలిదేశపు వాళ్లను, లీడ్‌ను, తాడుకు చెమట మరక కూడా అద్దిన నన్ను.

ఆమె దవాఖాన ఆవరణలో రేకుల కింద, రోగుల బంధువులు కూర్చునే అరుగుమీద, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను తడిసిన మొహంతో చూడగానే ముద్ద డబ్బాలోనే వదిలేసింది.

"ఏమైంది?"

"అంత అయిపోయింది," అన్నాను. "మొత్తం తీసేయమన్నరు."

మొదలుపెడితే ఇక ఆగలేదు. కథ మార్చారని చెప్పాను. తలుపు మూస్తారని చెప్పాను. లోపలికి పోనే పోడని తెలిస్తే ఇన్నాళ్లు నన్ను ఎందుకు చంపుకుతిన్నారని అడిగాను, ఆమెకేదో తెలిసినట్టు. బెంచీల కొసలు చేసింది ఎవరికోసం, నేను కట్టింది నా చేత్తోనే కూల్చెయ్యాలట, గొడ్డు చాకిరీ చేసి చివరికి ఉత్త గోడలు మిగిలాయి అని ఊపిరి తీసుకోకుండా మాట్లాడాను. పక్కన కూర్చున్న ఒక ముసలాయన, మనుమరాలికి అరటిపండు ఒలిచిపెడుతున్నవాడు, చెయ్యి ఆపి నన్నే చూస్తున్నాడు. నా భార్య డబ్బా మూత పెట్టింది. మూత సరిగ్గా పడకపోతే తీసి మళ్లీ పెట్టింది. నేను మాట్లాడి మాట్లాడి అలిసిపోయాక అడిగింది.

"మరి ఎప్పుడు పోవాలె? నెలాఖరుకా?"

"ఎక్కడికి?"

"హైదరాబాద్‌కు."

అప్పటిదాకా నాకు గుర్తే లేదు. ఆ మాట చెప్పడానికే కదా నేను రావాల్సింది.

"పోవుడు లేదు," అన్నాను. "ఇక్కడనే ఉండమన్నడు. గా మాటే మొదలు చెప్పిండు."

ఆమె నావైపు చూసింది. నేను చెప్పింది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టినట్టుంది. తర్వాత డబ్బా మూత ఊడదీసి నా మీదికి విసిరింది. అది నా భుజానికి తగిలి, రేకుల అంచున నిలిచిన వాననీళ్లలో పడింది.

"పొద్దటి సంది ఫోన్ చేతుల పట్టుకొని తిరుగుతున్న," అంది. "సూది ఇచ్చుకుంట కూడ దాన్నే చూస్తున్న. పెద్ద సిస్టరమ్మ తిట్టింది. నువ్వొచ్చి బెంచీలు తీసేసిండ్రని చెప్తున్నవా? గా ఒక్క ముక్క ముందుగాల చెప్పొద్దా నాకు?"

అని, అంతమంది చూస్తుండగా, యూనిఫాం చేతితోనే కళ్లు తుడుచుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది. నేను మూత ఏరుకుని ఏం చెయ్యాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను. ముసలాయన లేచి, ఆమె పక్కన నాకు చోటిచ్చాడు.

ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నేను హైదరాబాద్ నుంచి వచ్చిపోయిన ఆ ఏడాదిలో ప్రతి సోమవారం బస్టాండు దాకా వచ్చేది గానీ, నేను సీటులో కూర్చుని కిటికీలోంచి చూసేసరికి అక్కడ ఉండేది కాదు. డ్యూటీకి టైమైతదని చెప్పేది. బస్సు కదిలేదాకా ఒక్క నిమిషం ఆగితే ఏం పోయిందని లోలోపల కోపం కూడా పెట్టుకున్నాను. ఎందుకు ఆగేది కాదో ఆ రేకుల కింద కూర్చున్నాక తెలిసింది.